చుక్క కారని పడవ

మా వాళ్ళంతా నాకు నోరెక్కువంటారు. ఎక్కువే, కాదన్నదెవరు? మా ఇంట్లో ఇంకెవరు మాట్లాడాలి మరి? మా బావ, అంటే మా ఆయనే, మేనబావనే చేసుకున్నాను, ఉలి చేతిలో ఉంటే తనకి నోరుందన్న సంగతే మరిచిపోతాడు. ఇక మావయ్య. మా అమ్మకి అన్న, నాకు మామగారు కూడా. పక్షవాతం వచ్చినప్పుడు ఆయన మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. అందుకని ఆ ఏడాది మా క్వార్టర్లో ముగ్గురి మాటలూ నేనే మాట్లాడాను. డెబ్బైల్లో సంగతి ఇది. తలుచుకుంటే ఇప్పటికీ ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది నాకు.

బావ రాయపూర్లో గూడ్సు వాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో వడ్రంగి. వాల్తేరు లైను పట్టుకుని వచ్చి స్థిరపడ్డ శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలు ఆ రైల్వే కాలనీలో చాలానే ఉండేవి. ఇంట్లో మా తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కుళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ. మూడు భాషల్లోనూ తగువు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు.

మావయ్యది మాత్రం సముద్రం. విశాఖ రేవులో ఒక దొర షికారు పడవకి ఆయన సరంగు. దొర టోపీ పెట్టుకుని దర్జాగా కూర్చునేవాడు, నడిపేది మావయ్య. టేకు పలకలు, రాగి మేకులు, ఇంత పొడుగు కొయ్య, దానికి తెల్లటి తెరచాప. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి చూపించేది. నేనూ ఎక్కుతానని ఏడిస్తే మావయ్య నవ్వేవాడు.

"ఆడోళ్ళు పడవకి బొట్టెట్టాలి గానీ ఎక్కకూడదే గుంటా."

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఆయనకి నేను గుంటనే. కాస్త దూరంలో ఉంటే "ఓలే!" అని పిలిచేవాడు. ఆ కేక వింటే ఎంత పని మీదున్నా వెళ్ళవలసిందే.

దొర దేశం విడిచి పోయాడు. పడవ ఎవరెవరి చేతులో మారింది. మావయ్య పోర్టులో లాంచీ మీద పనిచేసి రిటైరయ్యాడు. అత్త పోయాక మేమే బలవంతం చేసి రాయపూర్ తీసుకొచ్చాం. వచ్చాడే గానీ, చేప కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడల్లా చెరువు చేపల్ని చూసి మొహం చిట్లించేవాడు. "ఇదేటి సేప, బురద వాసన!" అనేవాడు. తినేవాడు మాత్రం శుభ్రంగా.

ఒకసారి చుట్టాల పెళ్ళికి అందరం విశాఖ వెళ్ళాం. తలంబ్రాల వేళకి మావయ్య కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఒక కట్టెల అడితిలో దొరికాడు. అక్కడ బోర్లించిన పడవొకటి ఉంది, దాని కింద కోళ్ళు. మావయ్య దాని వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏటయ్యా, పెళ్ళొదిలేసి ఇక్కడున్నావు?" అన్నాడు బావ.

"నా పడవేరా ఇది. ఈ అతుకు సూడు, నానేసిందే. రేపో ఎల్లుండో కట్టెలకి కొట్టీస్తారంట."

అంతే. ఆ మాట తర్వాత తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అర్థమైపోయింది. పెళ్ళికి చీరలు పెట్టడానికి తెచ్చిన డబ్బు ఆ అడితి వాడి జేబులోకి వెళ్ళింది. ఎంతని నేనడగలేదు, బావ చెప్పలేదు. గూడ్సులో బుక్ చేసి మరీ రాయపూర్ తెచ్చారు. సముద్రం వైపు నుంచి ఎండు చేపలు తెచ్చుకునేవాళ్ళని చూశాం గానీ, పడవని తెచ్చుకునేవాళ్ళని మా కాలనీ ఎప్పుడూ చూడలేదు. లారీ మీంచి దించుతుంటే పక్క క్వార్టరు ఆవిడ, ధర్సీవా పల్లెల నుంచి వచ్చిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏ డోంగా ల కహాఁ చలాహూ, భౌజీ?" ఈ పడవని ఎక్కడ నడుపుతారు వదినా అని.

"తుమ్హారే ఛత్ పర్!" అన్నాను. మీ డాబా మీద!

నవ్వడం ఆవిడ వంతూ, ఒళ్ళు మండటం నా వంతూ. పెరడంతా పడవే. బట్టలు ఆరేసుకునే తీగ విప్పేశారు. నేను చీపురు విసిరి కొట్టి లోపలికి వచ్చేస్తుంటే మావయ్య "ఓలే!" అని పిలిచాడు.

"తిట్టకే గుంటా. నీల్లెక్కడైనా నీల్లే. గాలుంటే సెరువైనా సాలు. ఓ మాటు దాని సుక్కాని సేత్తో పట్టుకోని నీల్ల మీద కూకుంటాను. మరేటీ అక్కర్నేదు నాకు."

విసిరేసిన చీపురు తెచ్చుకుని పడవ చుట్టూ ఊడ్చాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

పడవ దించిన రోజే మావయ్య గోనెసంచులు తెప్పించి, నీళ్ళలో ముంచి, పడవంతా కప్పాడు. పొద్దునా సాయంత్రం వాటిని తడిపేవాడు. ఎండకి రంగు పాడవకుండా కాబోలనుకున్నాం. కొన్నాళ్ళు పోనీ, తర్వాత పని మొదలెడదాం, తొందరేం లేదన్నాడు. కొన్నాళ్ళు పోలేదు. ఒక ఉదయం గోనెల మీద నీళ్ళు చల్లుతూ చల్లుతూ పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. రైల్వే ఆస్పత్రిలో డాక్టరు గండం గడిచిందన్నాడు గానీ, బావని పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. రెండోసారి వస్తే ప్రాణం నిలబడడం కష్టం, అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు అని.

ఇంటికొచ్చిన మావయ్యకి మిగిలిన ఒక్క మాట "ఓలే". ఆకలేసినా ఓలే, దోమ కుట్టినా ఓలే, మనవల్ని పిలిచినా ఓలే. అవునా కాదా అని అడిగి తెలుసుకుందామంటే అదీ కుదరదు. ఏది అడిగినా తల ఊపేవాడు. కాఫీ కావాలా అంటే ఊపుతాడు, వద్దా అన్నా ఊపుతాడు. లోపల మనిషి మనిషిలాగే ఉన్నాడు, కళ్ళలో కనబడుతూనే ఉంది. బయటికొచ్చే దారే లేదు. నన్ను పిలిచే పిలుపు ఒక్కటి ఆయన నాలిక మీద మిగిలింది, వెళ్తే ఎందుకు పిలిచాడో నాకు తెలియదు. ఆ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

అప్పుడు బావ పట్టుబట్టాడు. "వానలు పడి సెరువు నిండేసరికి అయ్యని పడవెక్కించాలి. రెండోది వొచ్చేలోపల." మామూలుగా నాలుగు మాటలాడని మనిషి ఈ మాట రోజూ అనేవాడు. డ్యూటీ నుంచి రావడం, టీ తాగడం, పెరట్లోకి పోవడం.

గోనెలు తీసేశాడు. అవి ఉంటే పని చెయ్యడమెలా? పాత రంగు గీకాడు, కుళ్ళిన పలకలు రెండు మూడు మార్చాడు. పడవ లోపల, మనిషి పక్కటెముకల్లాగే, వరసగా వంపు కర్రలు ఉంటాయి, పలకలన్నీ రాగి మేకులతో వాటికే బిగించి ఉంటాయి. ఒక్కో ఎముకనీ సుత్తితో తట్టి చూసి, అన్నీ గట్టిగానే ఉన్నాయని సంబరపడ్డాడు. ఆ సంబరం మావయ్యకి చెబితే ఆయన కూడా నవ్వాడు, మూతి ఒక పక్కకే వచ్చినా అది నవ్వేనని నాకు తెలిసింది. మంచం పెరటి గుమ్మంలో వేశాం, పని చూస్తూ పడుకునేవాడు. అవి మంచి రోజులే, అబద్ధమెందుకు చెప్పాలి.

వైశాఖం ఎండలు వచ్చాయి. రాయపూర్ ఎండ గురించి తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. మధ్యాహ్నం లూ, అంటే వడగాలి, వీస్తుంటే ఇంట్లో మంచం కోళ్ళు కూడా వదులైపోయి కిర్రుమనేవి. పడవ సంగతి చెప్పాలా? పలకల మధ్య సందులు రోజు రోజుకీ వెడల్పయ్యాయి. లోపల కూర్చుంటే ఎండ చారలు చారలుగా ఒంటి మీద పడేది. పిల్లలు అందులో దూరి సందుల్లోంచి నాకు వేళ్ళు చూపించేవాళ్ళు.

"ఇది జల్లెడ బావా," అన్నాను. "పిండి జల్లించుకోవచ్చు."

బావకి రోషమొచ్చింది. ఆయన పనంతా వాగన్లతోనే కదా. గోధుమలో, బియ్యమో వేసుకుని పోయే వాగనులోంచి దారంతా గింజలు రాలిపోతే అది వడ్రంగికి తలవంపు. సందు కనబడితే చాలు, పూడ్చాలి, ఎంత గట్టిగా పూడిస్తే అంత మొనగాడు. జనపనార కట్టలు తెచ్చాడు. గుగ్గిలం, నూనె కాచి లప్పం చేశాడు. ఆ వాసన నా తలలోంచి నెల పైనే పోలేదు. ఆదివారం ఆదివారం వర్క్‌షాపు స్నేహితులు ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్ళు. నార పేటలు పేనడం, సందులో పెట్టడం, మొద్దు ఉలి ఆనించి కొయ్యసుత్తితో బాదడం. ఇంకా పడుతుందా? పడుతుంది, ఇంకో పేట పెట్టు. బాదగా బాదగా ఖణ్ ఖణ్‌మని మోగేది. ఎవరు బాదిన చోట బాగా మోగితే వాడు గొప్ప. నేను వాళ్ళకి పకోడీలు వేస్తూ పొయ్యి దగ్గర మాడిపోయేదాన్ని.

వాళ్ళు నార బాదడం మొదలెట్టినప్పటి నుంచీ మావయ్య మారిపోయాడు.

ముందు నీళ్ళు. నేను మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి వెళ్తే, ఎడం చేత్తో ఆ చెంబు ఎత్తి, ఒళ్ళు సాచలేక సాచి, పడవ పలకల మీద పోసేవాడు. ఎండాకాలం, కుళాయిలో నీళ్ళు వచ్చేదే కాసేపు, బిందె దగ్గర బిందె పెట్టి కొట్లాడి తెచ్చిన నీళ్ళు. "మావయ్యా, అవి తాగడానికి!" అని చెంబు మళ్ళీ నింపేదాన్ని. మళ్ళీ పోసేవాడు. పక్క క్వార్టరు ఆవిడ గోడ మీంచి చూసి జాలిపడింది. "బూఢా బాబా పేడ్ సమఝ్‌కే పానీ డాల్ రహే హైఁ." ముసలాయన దాన్ని చెట్టనుకుని నీళ్ళు పోస్తున్నాడు పాపం అని. నాకూ అలాగే అనిపించింది. బుర్ర కూడా పోతోందేమోనని భయమేసింది.

తర్వాత నార పీకడం. పొద్దున్న లేచేసరికి ఆయన చెయ్యి అందేంత మేర సందుల్లోంచి నార బయటికి వేలాడుతూ ఉండేది. గోళ్ళ సందుల్లో రక్తం. బావ చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యా, రోజంతా కొట్టిందయ్యా ఇది! ఎందుకు పీకీస్తన్నావు?"

"ఓలే... ఓలే..." అని మావయ్య నా వైపు చూశాడు. కొడుకుని కాదు, నన్నే చూశాడు. నేను వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఎన్ని అడిగానో. నార మంచిది కాదా? తల ఊపాడు. మంచిదేనా? ఊపాడు. లప్పం కుదరలేదా? ఇంకా వెయ్యాలా? పడవ వద్దా? నాకు చెప్పు మావయ్యా, నేను గుంటని, నాకు చెప్పు. అన్నిటికీ ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఏడ్చాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఇంకా నార పెట్టని సందొకటి ఉంటే, అందులోకి నా వేలు దూర్చాడు. దూర్చి, పైనుంచి తన పిడికిలితో నా చేతిని నొక్కాడు. నొక్కి నొక్కి, నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నొక్కాడు.

బావ మొహం వెలిగిపోయింది. "సూసినావా? వొదులుగా ఉందంటన్నాడు! అందుకే పీకీస్తన్నాడు. గట్టిగా బిగించమంటన్నాడు!"

నిజమే కాబోలనుకున్నాను. పీకిన చోటల్లా రెండేసి పేటలెక్కువ పెట్టి మళ్ళీ బాదారు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత కూడా పీకుతుంటే, వేళ్ళు పుండ్లవుతున్నాయని మంచం తీసి ముందు వరండాలో వేశాం. అక్కడ ఆయన వీధి వైపు కాకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. సుత్తి దెబ్బ వినబడినప్పుడల్లా భుజం అదిరేది. నేను చూసేదాన్ని. చూసి, వెళ్ళి వంట చేసుకునేదాన్ని. ఇంకేం చెయ్యగలను?

వానలొచ్చాయి. రంగు వేశాక పడవ పెళ్ళికూతురులా తయారైంది, నాకే దిష్టి తీయాలనిపించింది. ఒక రైసుమిల్లు లారీ మీద తెలీబాంధా చెరువుకి తోలారు. కాలనీ సగం వెనకే వచ్చింది. మా తెలుగువాళ్ళలో పెద్దాయన కొబ్బరికాయ కొట్టాడు, నేను పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని ఒడ్డుకి జరిగాను. నీళ్ళలోకి తోశారు. తేలింది. బావ లోపలికి దిగి అడుగంతా చేత్తో తడిమి, అరచెయ్యి పైకెత్తి చూపించాడు. పొడి చెయ్యి.

"సుక్క కారలేదు!" అని అరిచాడు. ఆ వెధవ అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ రోజే మావయ్యని ఎక్కించేద్దామంటే బావ ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు నీళ్ళలో నిలిచి కుదుటపడాలి, ఆదివారం మంచిది అన్నాడు. గట్టున మేకుకి కట్టేసి, రోజూ డ్యూటీ అయ్యాక సైకిలు మీద వెళ్ళి చూసొచ్చేవాడు. వచ్చి ఒకటే పాట, చుక్క కారలేదు. ఒక రోజు మాత్రం, అడుగున పరిచిన చెక్క తీద్దామంటే రావట్లేదు, బిగిసిపోయింది అన్నాడు. "అంటే బాగా కూకుంది," అని తనే చెప్పుకున్నాడు. మా ఇంట్లో వంటింటి అలమర తలుపు ఏటా వానాకాలం ఇరుక్కుపోతుంది, కాలితో తన్ని తీస్తాను. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు కూడా తన్నే తీశాను. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు, వడ్రంగైన ఆయనకీ తట్టలేదు.

ఆదివారం మబ్బుగా, గాలి బాగుంది. మావయ్యకి తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వి, రిక్షాలో కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. దారంతా ఆయన ఎడం చెయ్యి నా చేతిలోనే ఉంది, చల్లగా. చెరువు గట్టు ఎక్కగానే పడవ కనబడింది. నేను "చూడు మావయ్యా, చూడు!" అంటున్నాను. ఆయన తెరచాప చూడలేదు. పలకల సందుల వైపు చూశాడు. ఆ సందుల్లోంచి లప్పం బయటికి తోసుకొచ్చి, పొడుగునా గట్లు కట్టింది. నేనూ చూశాను, లప్పం ఎక్కువ పెట్టారు కాబోలనుకున్నాను. "ఓలే!" అన్నాడు మావయ్య నా చెయ్యి పట్టుకుని గుంజుతూ. "ఓలే, ఓలే!"

"అవును మావయ్యా, నీదే, నీ పడవే," అన్నాను.

బావా, ఆయన స్నేహితుడొకడూ మావయ్యని చేతుల మీద ఎత్తి పడవలో వెనక భాగాన కూర్చోబెట్టారు. ఎడం చేతికి చుక్కాని అందించారు. ఆ కర్ర చేతికి తగలగానే గుంజుకోవడం ఆగిపోయింది. నడుం నిలబడింది. మొహం గాలి వైపు తిప్పి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. నా చిన్నప్పటి మావయ్య. నేను ఒడ్డు మీద నిలబడి ఏడ్చేశాను, సంతోషంతోనే. బావ తెరచాప ఎత్తాడు, గాలి పట్టింది, పడవ గట్టు వదిలింది. చెరువు మధ్యకి పోతుంటే అవతలి గట్టు మీద స్నానాలు చేస్తున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

అప్పుడు ఫట్‌మని మోగింది. ఎక్కడో పెళ్ళి ఊరేగింపులో టపాకాయ అనుకున్నాను. ఇంకొకటి. తర్వాత వరసగా. బావ తెరచాప తాడు వదిలేసి వంగడం కనబడింది. "అయ్యా! ఎముకలు పోతన్నాయ్!" అని అరిచాడు. పడవ పక్క పలకలు మేకుల్తో సహా ఊడి బయటికి తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ చుక్క కారని పడవలోకి నీళ్ళు బిందెలతో పోసినట్టు వచ్చాయి. నాకు ఈత రాదు. వచ్చినా ఏం చేస్తాను? గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తాను, "బచావో" అని అరిచాను, "మావయ్యా" అని అరిచాను. ఇంత నోరూ ఉండి ఏం లాభం.

మావయ్య మాత్రం కంగారు పడలేదు. ఎడం చేత్తో చుక్కానిని ఒంటి మీదికి లాక్కున్నాడు. పడవ ఒకసారి ఒరిగి, మళ్ళి, బట్టలుతికే రాళ్ళ వైపు ముక్కు తిప్పింది. వదిలేసిన తెరచాప టపటపా కొట్టుకుంటుంటే ఎడం కాలి కింద తాడు తొక్కిపెట్టి ఆపాడు. బావ అలా చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళు నిండుతూ, కుంగుతూ, పడవ ఆ రాళ్ళ దగ్గర లోతులేని చోటికి వచ్చి అడుగు ఆనించి కూర్చుండిపోయింది. మావయ్య ఛాతీ దాకా నీళ్ళలో, చుక్కాని పట్టుకుని, నిటారుగా.

అందరూ నీళ్ళలోకి దిగారు. ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదన్న మాట నాకు గుర్తులేదు, నేనూ దిగాను. "వొదులు అయ్యా, వొదులు," అని బావ బతిమాలుతున్నాడు. ఆయన వదలలేదు. గాలి వైపే చూస్తున్నాడు. ఒక్కో వేలూ నేను విడదీయవలసి వచ్చింది.

ఆయన్ని ఒడ్డున పడుకోబెట్టి ఒళ్ళు తుడుస్తుంటే, బావ నడుం లోతు నీళ్ళలో నిలబడి, విరిగిన సందులోంచి నార ముక్క లాగాడు. కర్రలా గట్టిగా ఉంది. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నీల్లు తాగితే సెక్క ఉబ్బుతాదే. సందులు వోటంతటవే మూసుకుంటాయి. ఎండకి ముడుసుకున్న సెక్కకి ఉబ్బడానికి సోటు లేకండా నానే కూరీసినాను. పలకలు ఒకదాన్నొకటి తోసుకోని ఎముకలు ఇరగ్గొట్టీసినాయి." నార ముక్క కింద పడేసి తండ్రి పాదాలు పట్టుకున్నాడు. "అయ్య సెప్పినాడే. రోజూ సెప్పినాడు."

నీళ్ళు పోసి చెప్పాడు. నార పీకి చెప్పాడు. నా వేలు సందులో పెట్టి నలిపి మరీ చెప్పాడు, చెక్క ఇలా నలుపుతుందని. మేం మంచం తీసుకెళ్ళి వరండాలో వేశాం. మావయ్య ఎడం చెయ్యి చాచి బావ తడి జుట్టు మీద పెట్టాడు. "ఓలే," అన్నాడు మెల్లిగా. బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదలు.

పడవని మళ్ళీ పెరట్లోకి తెచ్చాం. గోనెలు తడిపి కప్పాం. బావ కొత్త ఎముకలకి కర్ర కోశాడు, ఆవిరి పట్టి వంచడం నేర్చుకున్నాడు. ఈసారి మంచం పక్కనే వేసి, ప్రతిదీ మావయ్యకి చూపించి, ఆయన చెయ్యి దాన్ని తోసెయ్యకుండా నిలకడగా ఆనితేనే ముందుకి పోయేవాడు. పని సగంలో ఉండగా చలికాలంలో రెండోసారి వచ్చింది. డాక్టరు చెప్పినట్టే అయింది. ఆ తర్వాత బావ ఉలి ఆ పడవ మీద పెట్టలేదు. చాలా ఏళ్ళకి, క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు, ఎవరో వచ్చి కట్టెలకని తీసుకుపోయారు. చుక్కాని కర్ర మాత్రం నా దగ్గరే ఉంది.

నాకు ఆ ఆదివారం సాయంత్రమే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. ఆయనకి పొడి బట్టలు కట్టి, వేడిగా చారన్నం తినిపించి, మూతి తుడుస్తూ అడిగాను.

"మావయ్యా, పడవెక్కావు కదా. కోరిక తీరిందా?"

"ఓలే," అని తల ఊపాడు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదు. "తీరలేదా?" అని కూడా అడిగాను.

నా మొహంలోకి చూస్తూ దానికీ తల ఊపాడు.